ఫొటోలో చెట్టు, చేతికి పుల్ల: మా నర్సరీ వెబ్‌సైటు డైరీ

మే 27, రోహిణి కార్తె

రోహిణి ఎండలకు రోళ్ళు పగులుతాయంటారు. మా నర్సరీలో పొద్దున తొమ్మిదికే షేడ్‌నెట్ కింద తప్ప నిలబడే చోటు లేదు. ఇలాంటప్పుడు ఎవరైనా మొక్క కొనడానికి వచ్చినా బాబాయే వద్దంటాడు. "ఇప్పుడు పెడితే మాడిపోతుందండీ, రెండు వానలు పడనివ్వండి" అని చెప్పి, మజ్జిగ ఇచ్చి పంపిస్తాడు. వ్యాపారి అనవలసిన మాట కాదు. కానీ ఆ మాట విన్నవాళ్ళే వానలు పడగానే వెతుక్కుంటూ వస్తారు.

నాకున్న గడువు కూడా ఆ రెండు వానలే. విజయవాడ బందరు రోడ్డులో పోరంకి దాటాక అరెకరంలో ఉన్న ఈ నర్సరీకి ఆరేళ్ళుగా ఒక వెబ్‌సైటు ఉంది. అందులో మూడు వందల మొక్కల పేర్లు, అన్నీ ఇంగ్లిషులో, కొన్నింటి పక్కన లాటిన్ పేరు కూడా. దాన్ని చూసి మొక్క కొన్న మనిషి ఇంతవరకు మా కంటపడలేదు. పగలు ఇంట్లో కూర్చుని ఒక కంపెనీకి కోడ్ రాసే నేను, మూడు నెలల సాయంత్రాలు పెట్టి దాన్ని మొదటినుంచి మళ్ళీ కట్టాను. తెలుగు పేర్లు, పెద్ద ఫొటోలు, ఎండా నీడా తెలిపే గుర్తులు, వెతుక్కోవడానికి పెట్టె, బుట్టలో వేసుకున్నవన్నీ వాట్సాప్‌లో ఆర్డరుగా పంపే బటన్. అక్షరాలకు మండలి ఫాంటు పెట్టాను. 1975లో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు నడిపించిన మండలి వెంకట కృష్ణారావు పేరు పెట్టిన ఫాంటు అది. ఆయన అవనిగడ్డ నుంచి గెలిచిన మనిషి కాబట్టి, కొంచెం కృష్ణా జిల్లా అభిమానం.

ఇక తేలవలసింది ఒకటే: కొనేవాళ్ళకు దీనితో పని జరుగుతుందా, లేదా?

"చూసినవాళ్ళంతా బాగుందనే అంటున్నారు కదమ్మా, ఇంకా ఏమి అడుగుతావు వాళ్ళని?" అన్నాడు బాబాయి.

"అందరూ బాగుందంటున్నారు బాబాయ్. నా భయమే అది."

మే 30

పన్నెండు ప్రశ్నలతో ఒక ఫారం తయారుచేసి, బాబాయి ఫోనులో ఉన్న నూట నలభై మంది పాత ఖాతాదారులకు వెబ్‌సైటు లింకుతో కలిపి పంపాను. ఒక్కో ప్రశ్నకు ఒకటి నుంచి ఐదు నక్షత్రాలు. చివర "ఇంకేమైనా చెప్పదలచుకున్నారా?" అని ఖాళీ గడి.

జూన్ 2

తొమ్మిది జవాబులు వచ్చాయి. అన్నింటా ఐదు నక్షత్రాలే. ఖాళీ గడిలో ఇద్దరు "సూపర్" అన్నారు, ఒకరు "దేవుడు చల్లగా చూడాలి తల్లీ" అన్నారు. ఒకాయన ఫారం ముట్టకుండా గులాబీ బొమ్మ మీద శుభోదయం రాసి పంపారు. ఒకావిడ నేరుగా వాట్సాప్‌లో "బంతి నారు ఉందా?" అని అడిగారు.

మొదట నవ్వుకున్నాను. రాత్రి పడుకోబోతుంటే తట్టింది. ఆవిడకు మేము పంపింది వెబ్‌సైటు. అది తెరిచి, బంతి నారు ఉందో లేదో తేలక, మళ్ళీ మనిషినే అడిగారు. నూట నలభై మందిలో నాకు నిజం చెప్పింది ఆవిడ ఒక్కరే, తనకు తెలియకుండానే.

బంతి నారుకు ఇది కాలం కాదు. దసరాకు పూలు అందేలా మా దగ్గర జూలైలో వస్తుంది. కానీ ఆ సంగతి సైటులో ఎక్కడా లేదు. చూడడానికి శుభ్రంగా ఉంటుందని, చేతిలో లేని మొక్కలన్నింటినీ జాబితాలోంచి తీసేశాను. కొట్లో కూర్చున్నవాడు అలా చేస్తాడా? "ఇప్పుడు లేదండీ, వచ్చే నెల వస్తుంది" అంటాడు. నా వెబ్‌సైటు మాత్రం అసలు బంతిపువ్వు అనేదే ఎరగనట్టు మొహం పెట్టింది.

నక్షత్రాల సంగతి కూడా ఇప్పుడు అర్థమవుతోంది. ఆ ఫారం వెళ్ళింది బాబాయి నంబరు నుంచి. ఎండలో వస్తే మజ్జిగ ఇచ్చిన మనిషికి రెండు నక్షత్రాలు వేసే గుండె ఎవరికి ఉంటుంది? మన మొహమాటం ముందు ఏ ఫారమూ నిలవదు.

జూన్ 4

పద్ధతి మార్చాను. అభిప్రాయం అడగడం లేదు, పని అప్పజెబుతున్నాను. నర్సరీకి వచ్చినవాళ్ళను కానుగ చెట్టు కింద బల్ల మీద కూర్చోబెట్టి, ఫోను చేతికిచ్చి, "మీ మేడ మీద ఎండపడే చోటికి ఒక పూల మొక్క వెతికిపెట్టండి" అనాలి. తర్వాత నోరు మూసుకుని చూడాలి. "ఎలా ఉంది?" అన్న మాట నిషేధం.

ఎంతమందితో అన్నది బాబాయి సందేహం. డెన్మార్క్‌లో పుట్టిన జేకబ్ నీల్సన్ అనే వెబ్‌సైట్ల వాడుక నిపుణుడు 2000లోనే చెప్పాడు, ఐదుగురితో చూస్తే పెద్ద తప్పులు చాలావరకు బయటపడతాయి, ఆ తర్వాతివాళ్ళు అవే చూపిస్తారు, కాబట్టి సరిదిద్దుకుని ఇంకో ఐదుగురి దగ్గరికి వెళ్ళడం మేలు అని. ఈ సంగతి చెబితే బాబాయి పెదవి విరిచాడు. "ఐదుగురేమిటమ్మా, పెళ్ళిచూపులకే పదిమంది వెళతాం."

జూన్ 7, ఆదివారం

పొద్దున ఆరున్నరకే మొదలుపెట్టాను. మొదట దొరికింది పటమట నుంచి వచ్చిన తెలుగు మాస్టారు, రిటైరై చాలా ఏళ్ళయింది. మల్లె మొక్క వెతకమన్నాను. ఆయన ఫోనును కళ్ళకు కొంచెం దూరంగా పట్టుకుని, చూపుడువేలితో ఒక్కో అక్షరం ఏరుకుంటూ "మల్లె" అని రాశారు. తెర మీద "ఏమీ దొరకలేదు" అని వచ్చింది. మాస్టారు కాసేపు దానికేసి చూశారు. కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. అదే మాట చెరిపి, మళ్ళీ మొదటినుంచి రాశారు. మళ్ళీ ఏమీ దొరకలేదు. అప్పుడు నా వైపు తిరిగి, గొంతు తగ్గించి అడిగారు: "లకు ఎత్వమే కదమ్మా?"

ముప్పై ఏళ్ళు పిల్లలకు తెలుగు చెప్పిన మనిషికి మల్లె గుణింతం మీద అనుమానం పుట్టించింది నా వెబ్‌సైటు. మా దగ్గర ఆ పూట ఏడు వరుసల మల్లె ఉంది, మేము కూర్చున్న చోటికి వాసన వస్తోంది.

రెండోసారి ఒక జంట. కానూరులో అపార్ట్‌మెంటు, బాల్కనీ పడమర వైపు. భర్త ఫోను పట్టుకున్నాడు, భార్య పక్కనుంచి నడిపిస్తోంది. సగం సూర్యుడి గుర్తున్న మొక్కలను ఆమె వరుసగా దాటేయిస్తోంది. ఎందుకని అడగకూడదు, నా నియమం. కానీ ఆగలేకపోయాను. "సగమే నింపి ఉంది కదండీ, సరుకు అయిపోవచ్చిందేమో అనుకున్నాను" అంది. ఆ గుర్తులు గీయడానికి నాకు రెండు రాత్రులు పట్టింది.

మూడో ఆవిడకు అరవై దాటి ఉంటాయి. ఫోనులో నాకంటే చురుకు. గడగడా నాలుగు మొక్కలు బుట్టలో వేసి, లెక్క చూసి, తెరను పైకీ కిందికీ జరుపుతూ ఏదో వెతుకుతున్నారు. రెండు నిమిషాలయ్యాక, "ఇందులో బేరం ఎక్కడ ఆడాలమ్మా?" అన్నారు. వేళాకోళం కాదు, నిజంగానే అడిగారు.

ఇంతలో బాబాయి వెనక వచ్చి నిలబడ్డాడు. ఆయన నీడ పడగానే ఆవిడ స్వరం మారిపోయింది. "చాలా బాగా చేశారండీ మీ అమ్మాయి" అని ఫోను తిరిగి ఇచ్చేశారు. నాలుగో మనిషి ఫోను పట్టుకోగానే బాబాయే పక్కనుంచి "ఇక్కడ నొక్కండి, ఇదిగో ఇక్కడ" అని వేలు పెట్టాడు. తామరతొట్టిలో నీళ్ళు తగ్గాయేమో చూసిరమ్మని పంపించాను. వెళ్ళాడు. దారిలో వెనక్కి తిరిగి నవ్వాడు, ఎందుకు పంపానో తెలిసినట్టే ఉంది.

ఐదో మనిషి దగ్గర ఒక కిటుకు దొరికింది. ఆయన అన్నీ చకచకా చేసేసి, "బాగానే ఉందండీ" అని లేవబోయారు. ఊరికే అడిగాను: "మీ ఎదురింటివాళ్ళకు ఇది ఇస్తే ఎక్కడ తికమకపడతారంటారు?" అంతే, తిరిగి కూర్చున్నారు. "మా ఎదురింటాయనకు ధర దగ్గర అనుమానం వస్తుందండీ. ఫొటోలో మంచి పింగాణీ కుండీ ఉంది, కింద అరవై రూపాయలు అని ఉంది. అరవైకి కుండీ కూడా ఇస్తారా అంటాడు. మొక్క ఎంత ఎత్తుంటుందో రాయలేదేమంటాడు. ముందే డబ్బు కట్టమంటే వాడు చచ్చినా కట్టడు." పది నిమిషాలు చెప్పారు. ఆ ఎదురింటాయన ఎవరో గానీ, ఆయనకు నేను రుణపడి ఉన్నాను.

జూన్ 9

మల్లె సంగతి తేల్చాను. నేను వాడిన వెతుకుడు కోడ్ మాటను మొదటి అక్షరం నుంచే పోల్చి చూస్తుంది. ఇంగ్లిషు పేర్లలో మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఉంటుంది కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు. తెలుగులో అసలు పేరు చివర ఉంటుంది, దాని గుణం ముందు వచ్చి అతుక్కుంటుంది. బొండుమల్లె, కాగడామల్లె, ముద్దమందారం, నాటుగులాబీ. మల్లె అని అడిగినవాడికి బొండుమల్లె చూపించాలంటే మాట తోక కూడా చూడాలి.

సరే, మాటలో ఎక్కడున్నా పట్టుకోమని రాశాను. మల్లెలన్నీ వచ్చాయి. సంబరంగా "వేప" అని కొట్టాను. వేపపిండి వచ్చింది, సబబే. దాని పైన కరివేపాకు వచ్చింది. కరి"వేపా"కు! "మామిడి" అంటే జీడిమామిడి కూడా వచ్చి కూర్చుంది. యంత్రానికి అక్షరాలు తెలుసు గానీ చెట్లు తెలియవు.

ఇంకో చిక్కు కంటికి కనిపించనిది. నేను "స్నేక్‌ప్లాంట్" అని రాసినప్పుడు క తర్వాత ప ఒత్తుగా మారకుండా మధ్యలో ఒక అదృశ్య అక్షరం పడుతుంది. కంప్యూటర్‌లో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్ పట్టికలో దాని సంఖ్య 200సి. అది లేకపోతే "స్నేక్ప్లాంట్" అవుతుంది. కొనేవాళ్ళు కొందరు అది లేకుండా రాస్తారు, కొందరు ఖాళీ వదిలి రాస్తారు. మూడూ యంత్రానికి మూడు వేర్వేరు మొక్కలు. ఇప్పుడు పోల్చే ముందు రెండువైపులా ఆ అక్షరాన్నీ ఖాళీనీ తీసేస్తున్నాను.

కరివేపాకు గొడవకు మాత్రం కోడ్‌లో మందు దొరకలేదు. పిన్ని దగ్గర దొరికింది. లెక్కల పుస్తకం వెనక పేజీల్లో, ఒక్కో మొక్కకు జనం ఏమేమని అడుగుతారో రాసి పెట్టమన్నాను. గులాబీ, గులాబి, రోజా. కలబంద, అలోవెరా. బొప్పాయి, బొప్పాసి. గోరింట, మైదాకు. రెండు సాయంత్రాల్లో నలభై మొక్కలు పూర్తిచేసింది. ఇక యంత్రం ఊహించనక్కర్లేదు, ఆ జాబితా చూసుకుంటే చాలు.

ఆ పుస్తకంలోనే నా పరువు ఇంకోసారి పోయింది. మామిడి అంటుకు నేను "బనగానపల్లె" అని పెట్టాను. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది ఆ ఊరి పేరు మీదే కదా అని. పిన్ని దాని పక్కన "బంగినపల్లి, బేనిషాన్" అని రాసి, కింద గీత గీసి, "నువ్వు రాసినట్టు ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు" అని చేర్చింది.

జూన్ 11

మా నర్సరీలో మొక్కలకు అంట్లు కట్టేది, గోదావరి వైపు నర్సరీలకు పేరుపడ్డ కడియం నుంచి వచ్చిన ఒక తాత. ఈ చుట్టుపక్కల నర్సరీల్లో సరుకు సగానికి సగం కడియం నుంచి లారీల్లో దిగేదే. ఈయన సరుకుతో పాటు వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఫోనులో అంకెలు తప్ప చదవడు. ఫొటోలు చూపిద్దామని పిలిచాను.

తెర మీద "గన్నేరు" అని కొట్టి ఉంది. నాలుగు వచ్చాయి: ఎర్రగన్నేరు, పచ్చగన్నేరు, బిళ్ళగన్నేరు, దేవగన్నేరు. నాలుగూ వరుసగా, ఒకే సైజులో, ఒకే తీరున. తాత గోరు చివర మట్టి ఉంది, తెరకు తగలకుండా గాలిలోనే ఒక్కోదాన్ని చూపిస్తూ పోయాడు. పచ్చగన్నేరు దగ్గర ఆగాడు.

"దీన్ని బిళ్ళగన్నేరు పక్కన పెట్టావేమిటమ్మా?"

"పేరు కలిసింది తాతా."

"పేరు కలిస్తే సరా? దీని గింజ విషం. పసిపిల్లలున్న ఇంటికి ఇది ఇస్తామా మనం? అయ్యగారు అడిగి గానీ ఇవ్వరు, ఇంట్లో పిల్లలున్నారా, గేదె ఉందా అని. నీ ఫోను అడుగుతుందా?"

అడగదు. వృక్షశాస్త్రం ప్రకారం నాలుగూ ఒకే కుటుంబానివే. బిళ్ళగన్నేరు నుంచి విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందులు తీస్తారని నాకు తెలుసు. ఎర్రగన్నేరు నిలువెల్లా విషమనీ, హైవేల మధ్య దాన్ని పెట్టడానికి పశువులు ముట్టకపోవడం ఒక కారణమనీ చదివాను. ఇవన్నీ తెలిసి కూడా, బాబాయి గేటు దగ్గర అడిగే ఆ ఒక్క ప్రశ్న నా సైటులో లేదు. నాలుగింటి మధ్యా తేడాను పక్కపక్కన చూపించే పేజీ ఈ రాత్రే రాశాను. విషం ఉన్న ప్రతి మొక్కకూ ఎర్ర అక్షరాల్లో హెచ్చరిక. బుట్టలో వేసుకోబోతే "ఇంట్లో చిన్నపిల్లలు గానీ పశువులు గానీ ఉన్నాయా?" అని అడుగుతుంది. బిళ్ళగన్నేరు కూడా తినేది కాదు కాబట్టి దానికీ ఒక మాట చేర్చాను.

తాత వెళ్ళబోతూ జామ ఫొటో చూసి ఇంకోటి అన్నాడు: "ఇది మన దగ్గరి మొక్క కాదు." నిజమే, ఇంటర్నెట్‌లో తీసుకున్న ఫొటో. ఎలా పట్టాడని అడిగితే, మా మట్టికి ఆకు అంత నున్నగా రాదన్నాడు.

జూన్ 14, ఆదివారం

మృగశిర వచ్చి వారమైంది, నిన్న సాయంత్రం మొదటి జల్లు పడింది. జనం మొదలయ్యారు. ఇంకో ఐదుగురిని కూర్చోబెట్టాను. మల్లె దొరుకుతోంది. సూర్యుళ్ళను పీకేసి మాటలు పెట్టాను: "రోజంతా ఎండ", "పొద్దుటి ఎండ చాలు", "నీడలో బతుకుతుంది". ఎవరూ ఆగడం లేదు.

ఇవాళ ఎక్కువసేపు మాట్లాడింది సింగ్‌నగర్ నుంచి వచ్చిన ఒకావిడ. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు నీళ్ళు ఇంట్లోకి వచ్చినప్పుడు కింద వాకిట్లో ఉన్న కుండీలన్నీ పోయాయట. ఇక ఏ మొక్కా నేల మీద పెట్టను, అంతా మేడ మీదే అన్నారు. ఆవిడకు పూల రంగూ ధరా ముఖ్యం కాదు. "ఈ పన్నెండంగుళాల కుండీ నిండా మట్టి పోస్తే ఎంత బరువవుతుంది? మా శ్లాబు పాతది." సైటంతా వెతికారు, ఎక్కడా లేదు. నాకూ తెలియదు. బాబాయి చేతులతో ఎత్తి చూపించి "ఇంత" అన్నాడు. తాత తూకం తెచ్చాడు. ఎర్రమట్టితో నింపి నీళ్ళు పోసి తూస్తే 25 కిలోలు దాటింది. సగానికి పైగా కొబ్బరిపొట్టు, వర్మీకంపోస్టు కలిపి తూస్తే 16 దగ్గర ఆగింది. ఆవిడ రెండో రకం ఆరు కుండీలు తీసుకున్నారు. ప్రతి కుండీ పక్కనా రెండు తూకాలూ రాయాలి, ఇది ఈ వారం పని.

సాయంత్రం ఇంకో దెబ్బ. పోయిన గురువారం సైటు నుంచే మొట్టమొదటి ఆర్డరు పంపాము, తాడేపల్లికి, వారధి దాటించి. ఒక చిన్నరసం మామిడి అంటు. అందుకున్నాయన ఫోను చేశారు. కోపంగా కూడా లేరు, ఆశ్చర్యంగా ఉన్నారు. "అమ్మా, ఫొటోలో చెట్టు ఉంది, చేతికి పుల్ల వచ్చింది."

ఫొటోలో విరగకాసిన చెట్టు, పంపింది రెండడుగుల అంటు. మాకది మామూలే, నర్సరీలో కళ్ళారా చూసి కొనేవాళ్ళకూ మామూలే. ఇంట్లో కూర్చుని ఫోనులో చూసినవారికి చెట్టంటే చెట్టే. ఆయనకు నేను చెప్పగలిగింది ఏమీ లేదు. బాబాయి ఫోను తీసుకుని, అంటు ఎక్కడ కట్టారో, అతుకు కింద వచ్చే చిగుళ్ళను ఎలా గిల్లెయ్యాలో, పూత ఎన్నో ఏటికి ఉంచుకోవాలో పావుగంట చెప్పాడు. చివరికి ఆయన, "ఇంకోటి పంపండి, పెద్దరసం" అన్నారు.

జూన్ 19

మొక్కలన్నింటికీ మళ్ళీ ఫొటోలు. ఎత్తును అంగుళాల్లో రాస్తే ఎవరూ చదవడం లేదని రెండో ఐదుగురిని చూస్తుంటే తెలిసింది. పక్కన ఏదో ఒకటి పెట్టాలి, అందరికీ దాని ఎత్తు తెలిసి ఉండాలి. ఇటుక పెట్టి చూశాము, మొక్క ముందు మరీ చిన్నదైపోయింది. బాబాయిని నిలబెడితే చూసేవాళ్ళు బాబాయినే చూస్తున్నారు. పిన్ని వంటింట్లోంచి స్టీలు బిందె తెచ్చి పెట్టింది. బిందె ఎంతుంటుందో తెలియని ఇల్లు ఈ కృష్ణా గుంటూరు జిల్లాల్లో ఉండదు. మామిడి అంటు బిందె మీద ఒక జానెడు, తులసి బిందె మెడ దాకా, కనకాంబరం సగం బిందె. ఇప్పుడు సైటులో ప్రతి మొక్కకూ రెండు ఫొటోలు: "ఈరోజు మీకు వచ్చేది", నల్ల కవరులో, బిందె పక్కన. "పెరిగాక", ఎవరి ఇంట్లోనో నిజంగా పెరిగింది. కుండీ ధర వేరుగా.

బిందె మూడు రోజులుగా నర్సరీలోనే ఉంది. ఇంట్లో నీళ్ళు పట్టుకోవడానికి బిందె లేదని పిన్ని రెండుసార్లు గుర్తుచేసింది.

పాత ఫొటోలు ఒక్కోటి నాలుగు మెగాబైట్లు ఉండేవి, సిగ్నలు సరిగా లేనిచోట తెరుచుకునేవే కావు. అన్నీ వెబ్‌పీ అనే తేలికపాటి ఫొటో రూపంలోకి మార్చి కుదించాను.

జూన్ 24, ఆరుద్ర

వరసగా మూడు రోజుల వాన. ఆర్డర్లు వస్తున్నాయి. పెద్దగా రాయడానికి సమయం లేదు.

డబ్బు సంగతి మార్చాము. నేను ముందే యూపీఐలో కట్టే పేజీ పెట్టాను. జనం బుట్ట నింపి అక్కడిదాకా వచ్చి ఆగిపోతున్నారు. యూపీఐ 2016లో వచ్చింది, ఇప్పుడు కొబ్బరిబొండాల బండి దగ్గర కూడా అదే. అయినా బొండం తాగి డబ్బు కొడతారు గానీ తాగకముందు కాదు కదా. ఇప్పుడు "మొక్క చూశాకే డబ్బు" అని పెద్ద అక్షరాల్లో ఉంది. బాబాయి పాత నియమమే అది. నేనే సైటులోకి రానివ్వలేదు.

బేరం సంగతి మీద ఇంట్లో వాదన జరిగింది. సైటులో బేరం పెట్టలేను, పెడితే నేనే మునుగుతాను. పిన్ని అంది, వాళ్ళకు కావలసింది తగ్గింపు కాదు, కొసరు. కాబట్టి ఐదు మొక్కలు దాటిన ప్రతి ఆర్డరుకూ దోసెడు వేపపిండి పొట్లం వెళుతుంది. సైటులో దాని పేరు "కొసరు". ఆ మాట చూసి ఒకరిద్దరు వాట్సాప్‌లో నవ్వు బొమ్మలు పంపారు. బేరం ఎక్కడ ఆడాలని అడిగిన ఆవిడకు బాబాయి స్వయంగా ఫోను చేసి చెప్పాడు.

చిన్న సంగతి ఒకటి: పాత ఫోన్లలో "సన్నజాజి" ఒత్తు కింది వరుస గుడిని తగులుతోందని ఎవరూ చెప్పలేదు, బిల్లు రాస్తుంటే నేనే చూశాను. వరుసల మధ్య ఎడం పెంచాను.

జూలై 12, ఆదివారం

లేని మొక్కలు కూడా ఇప్పుడు జాబితాలో ఉన్నాయి, బూడిద రంగులో, ఏ నెలలో వస్తాయో రాసి. పక్కనే "వచ్చినప్పుడు చెప్పండి" అన్న బటన్. ఇప్పటిదాకా అన్నిటికంటే ఎక్కువ మంది నొక్కిన బటన్ అదే. ఏది ఎంత తెప్పించాలో దాన్ని చూసి బాబాయి కడియంకు ఫోను చేస్తున్నాడు.

మాస్టారు నిన్న మళ్ళీ వచ్చారు. ఈసారి నేను ఏమీ అడగలేదు. తనే ఫోను తీసి "విరజాజి" రాసి, వచ్చింది చూసి, నాకు చూపించి, జేబులో పెట్టుకున్నారు. తర్వాత నడిచి వెళ్ళి, వరుసలోంచి తనే చేత్తో ఎంచుకున్నారు.

ఇవాళ పొద్దున బంతి నారు దిగింది. తడిగోనె కప్పిన ట్రేలు, ముద్దబంతి, పసుపూ నారింజా. జూన్ 2న అడిగిన ఆవిడ నంబరు వెతికి, బిందె పక్కన నారు పెట్టి ఫొటో తీసి పంపాను. బిందె మొదట్లో కూడా కనిపించనంత చిన్న నారు. పది నిమిషాల్లో జవాబు వచ్చింది:

"ఇంత చిన్నదా? సరే, పాతిక మొక్కలు పంపండి. కొసరు ఉంటుందా?"